శుక్రవారం గుడికెళ్ళిన నర్సమ్మ

నా మొదటి నవల తెల్లదొరల కాలంలో జరుగుతుంది. ఇప్పటికి నా చివరి నవల కూడా అదే. నాయిక గోదావరి కాలవల పక్క ఊరి క్రైస్తవుల పిల్ల. ఇంట్లో వద్దంటున్నా వినకుండా మిషను ఆసుపత్రిలో నర్సు చదువుకి చేరుతుంది. మంచి భక్తిపరురాలు. వానొచ్చినా వరదొచ్చినా వారం వారం గుడి మానదు. ప్రతి శుక్రవారం వెళుతుంది.

చదివేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటారు. రాసేటప్పుడు నేను ఆగలేదు. అధ్యాయాలకు అధ్యాయాలు ఆ పిల్ల గురువారం సాయంత్రం తెల్లచీర ఉతికి గంజి పెట్టింది, శుక్రవారం పొద్దున్న గుడిలో కీర్తనలు పాడింది, ఆదివారం ఎనిమిదింటికల్లా వెళ్ళి శరీరశాస్త్రం పరీక్ష రాసింది. తెల్లదొర ఎన్ని అన్యాయాలైనా చేసి ఉండొచ్చు గానీ, ఆదివారం పూట పరీక్ష పెట్టిన పాపం మాత్రం నేను అంటగట్టిందే.

నా వైపు నుంచి ఒక్క మాట. నేనుండేది ఒమాన్‌లో. ఇక్కడ శుక్రవారమే సెలవు. చర్చి కూడా అప్పుడే. ఆదివారం డ్యూటీ మొదలు. ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నాక శుక్రవారమంటే కోడికూర వాసన, ఇస్త్రీ చొక్కా, ప్రార్థన. క్యాలెండరు మారిందని బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. నవల రాసింది చెయ్యి.

అప్పట్లో నేను మస్కట్‌కి దూరంగా ఇబ్రిలో ఒక కంపెనీ సైట్‌లో స్టోర్‌కీపర్ని. సిమెంటు, ఇనుము చూసుకునేవాడు నవల రాస్తే ఎలా ఉంటుందో అలాగే ఉండేది నా రాత: గట్టిగా ఉండేది, ఎక్కడా వంగేది కాదు. నా భార్య మస్కట్‌లో, బౌషర్ వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వారమంతా ఇబ్రి రూమ్‌లో రాసుకుని, గురువారం సాయంత్రం మస్కట్ వచ్చి, శుక్రవారం చర్చి అయ్యాక మా ఇంట్లో చదివి వినిపించేవాణ్ణి. వినేవాళ్ళు మా ఆవిడా, ఆమెతో పనిచేసే నలుగురైదుగురు నర్సులూ. అందరూ కోస్తా వాళ్ళు, అందరూ బైబిలు చదివేవాళ్ళు. శుక్రవారం సంగతి ఒక్కరూ పట్టుకోలేదు. రూమ్‌లో నాతో ఉండే కరీంనగర్ డ్రైవరుకి కూడా ముందే వినిపించాను. "శుక్రారం గుడికి పోతది, ఆదివారం డ్యూటీకి పోతది. మంచిగ రాసినవ్ అన్నా, అచ్చం మన లెక్కనే," అన్నాడు. దాన్ని మెప్పు అనుకుని పొంగిపోయాను.

అసలు ఆ నవల నాది కాదు, మా ఆవిడది. ఆ నాయిక మా ఆవిడ నాయనమ్మ. పెళ్ళైన కొత్తలోనే చెప్పింది నాకు. ఆవిడ చేతులకు ఎప్పుడూ కార్బాలిక్ సబ్బు వాసన వచ్చేదట. కాన్పు అంటే చాలు, ఏ వేళైనా సంచి నెత్తిన పెట్టుకుని కాలవలో పడవెక్కేదట. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే చెక్క గొట్టం ఒకటి ఉండేది. దాన్ని చెవికి ఆనించుకుని మా ఆవిడ చిన్నప్పుడు పిల్లి కడుపులో, కొబ్బరికాయలో, చివరికి గోడలో కూడా గుండె వెతికేదట. చివరికి నర్సయింది. అంటే వెతుకులాట మానలేదన్నమాట.

"మిషను ఆసుపత్రి గోడకి రాతిపలక ఉంది. దానిమీద దొరల పేర్లు, దొరసానుల పేర్లు, పలక చెక్కించినవాడి పేరు కూడా ఉంది," అంది ఒకసారి. "మా నాయనమ్మ లేదు. మీరు రాస్తారా?"

"రాస్తాను."

"నర్సమ్మ అనే రాయండి. ఎక్కువ చేసి రాయకండి. ఉన్నదుంటే చాలు."

ఆ మాటకు తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు, దాని సంగతి తర్వాత.

శుక్రవారం చదువులు సరదాగా జరిగేవి. వినేవాళ్ళలో పెద్దావిడ ఒకరు ఉండేవారు, భీమవరం వైపు, మా వాళ్ళందరికీ పెద్ద సిస్టర్. కాన్పు గదిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న మనిషి. నేను మొదటి కాన్పు ఘట్టం చదువుతుంటే పులావు కలుపుతూ చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"బ్రదర్, ఆ నీళ్ళు మూడు పేజీల నుంచి కాగుతున్నాయి. ఈలోగా బిడ్డ పుట్టి బడికి కూడా వెళ్ళిపోతుంది."

"దాన్ని వర్ణన అంటారండీ, నవల్లో."

"మా వార్డులో లేటు అంటారు."

నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఓ చిన్న నర్సు గోడకి ఆనుకుని నిద్రపోతుండేది. నేను చదవడం ఆపగానే లేచి, "చాలా బాగుందన్నయ్యా," అని మళ్ళీ నిద్రపోయేది. నాకున్న విమర్శకుల్లో ఆ అమ్మాయంటేనే ఎక్కువ ఇష్టం.

రాసినంత వరకూ మా పెదమామగారికి పంపాను. ఈయన మా ఆవిడ పెదనాన్న, అంటే ఆ నర్సమ్మగారి పెద్దకొడుకు. రిటైరైన హెడ్మాస్టరు. ఎర్ర కలం లేకుండా పెళ్ళి శుభలేఖ కూడా చదవరు. ఆయన శిష్యుడికి జిల్లాలో ఒక ప్రెస్సుంది. "అచ్చు నేను చూసుకుంటాను, ముందుమాట కూడా నేనే రాస్తాను," అన్నారు. ఆయన ముందుమాట అంటే మాటలు కాదు. నాలాంటి కొత్త రచయితకి అది పట్టాభిషేకం.

ఒక శనివారం ఐమో యాప్‌లో ఫోన్ చేశారు. ఆ రోజుల్లో ఇక్కడ ఊరికి మాట్లాడాలంటే ఐమోనే దిక్కు. మాట సగం, గుడగుడ సగం వినిపించేది.

"అల్లుడుగారూ, భాష బాగుంది. రెండే తప్పులు."

"సెలవియ్యండి."

"మా అమ్మ శుక్రవారం గుడికెళ్ళడమేంటండీ? శుక్రవారం గుడికి తాళం వేసి ఉంటుంది. తాళం బద్దలుకొట్టి ప్రార్థన చేసేదా?"

నేను కాగితాలు చూసుకున్నాను. ఒక్కో పేజీకి ఒక్కో చెంపదెబ్బ తగిలినట్టయింది.

"ఇక రెండోది. నర్సు అని రాశారు."

"నర్సేగా అండీ."

"దొరసాని డాక్టరు సెలవు మీద ఓడెక్కి సీమకెళ్తే ఆసుపత్రి నడిపింది ఎవరనుకున్నారు? ఊళ్ళో సగం మంది డాక్టరమ్మ అనేవారు. డాక్టరనే రాయండి. శుక్రవారం దిద్దండి, నర్సునీ దిద్దండి. నేను ముందుమాట మొదలుపెడతాను."

శుక్రవారం దగ్గర పరువు పోయిన మనిషికి నర్సు దగ్గర నోరు లేవలేదు. పైగా ముందుమాట. తలూపాను. ఐమోలో తలూపితే అవతలికి వినపడదు, అందుకని "అలాగేనండీ" అని కూడా అన్నాను.

ఇబ్రికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక మాట తీసేసి అది ఉన్న చోటల్లా ఇంకో మాట పెట్టే సదుపాయం ఉంటుంది కదా, నర్సు, నర్సమ్మ, నర్సులు అన్నీ ఒక్క దెబ్బకి మారాలని 'నర్స' తీసి 'డాక్టర' పెట్టమన్నాను. మీట నొక్కాను. తెల్లదొరల కాలంలో అంత వేగంగా ప్రమోషన్ ఎవరికీ వచ్చి ఉండదు.

తర్వాతి శుక్రవారం, మారిన మొదటి వాక్యం చదివాను: "డాక్టరమ్మ తెల్లచీర కట్టుకుని డాక్టరాపురం రేవులో పడవెక్కింది."



"ఏ ఊరు బ్రదర్ అది?" అన్నారు పెద్ద సిస్టర్.

కాగితం చూసుకున్నాను. నర్సాపురం మొత్తానికి డాక్టరు పట్టా ఇచ్చేశాను.

"ఆ ఊళ్ళో పేషెంట్లు ఉంటారా అన్నయ్యా, అందరూ డాక్టర్లేనా?" అంది నిద్రపోయే అమ్మాయి. ఆ రోజు ఎందుకో మెలకువగా ఉంది. అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. తిన్న పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక నేనూ వెళ్ళాను. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ ఉంది, అప్పటికే యూనిఫాం వేసుకుంది.

"ఎవరు చెప్పారు?"

"పెదమామగారు. గౌరవంగా ఉంటుందని..."

"ఇప్పుడు లేదా?"

"అలా కాదు. ముందుమాట కూడా రాస్తానన్నారు."

చేతి గడియారం నర్సులు పెట్టుకోరు. ఛాతీ మీద తలకిందులుగా పిన్నుతో పెట్టుకుంటారు. మా ఆవిడ అది పెట్టుకుని, సరిగ్గా ఉందో లేదో అద్దంలో చూసుకుని, అద్దంలోంచే అడిగింది.

"మా నాయనమ్మ మీ పుస్తకంలోకి రావాలంటే డాక్టరవ్వాల్సొచ్చింది. మరి మీ ఇంట్లోకి నన్నెలా రానిచ్చారండీ?"

కింద ఆసుపత్రి బస్సు హారన్ కొట్టగానే సంచి అందుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పెదనాన్నకి తనే ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, టొమాటోలు తరుగుతున్నట్టు.

"నీకు తెలీదమ్మా," అన్నారాయన. "బళ్ళో నన్ను పేరుతో పిలిచిన వాడు లేడు. నర్సమ్మ కొడకా అనేవాళ్ళు. ఎందుకనేవాళ్ళో నీకు చెప్పలేను. రాత్రిళ్ళు ఇల్లు దాటి వెళ్ళే ఆడదాని కొడుకని. ఆ మాట మళ్ళీ పుస్తకంలో అచ్చేయిస్తారా?"

మా ఆవిడ గొంతు పెంచలేదు. "నన్నూ అంటారు పెదనాన్నా. గల్ఫులో నర్సంటే మనూళ్ళో ఇప్పటికీ మూతి తిప్పుతారు. అందుకే రాయించాను. ఆవిడ చేసింది నర్సు పని. దాన్ని దాచేసి డాక్టరంటే, ఆవిడ చేసిందేదీ లేనట్టేగా. ఆ పనిలో సిగ్గుపడాల్సింది ఉంటే నేను..."

లైన్ కట్టయింది. ఐమోనే కట్ చేసిందో, ఆయన కట్ చేశారో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ కలవలేదు.

పుస్తకంలో నర్సమ్మ నర్సమ్మగానే ఉండాలని ఆ పూటే తేల్చుకున్నాను. తేల్చుకోవడం తేలిక, దిద్దడం కాదు. 'డాక్టర' తీసి 'నర్స' పెట్టమంటే కంప్యూటర్ మరీ బుద్ధిమంతురాలైపోయి దొరసాని డాక్టరుని కూడా దొరసాని నర్సుని చేసింది. ఒక మీటతో చెడిపోయింది ఇంకో మీటతో బాగుపడేలా లేదు. వచ్చే శుక్రవారానికి డాక్టర్లున్న ప్రతే మొత్తం ప్రింటు తీసి తెచ్చి, కూర్చుని కలంతో దిద్దుకుందామనుకున్నాను.

ఆ దొంతర చూసి పెద్ద సిస్టర్ చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వండి. ఒక్కరే చేస్తే మీ కాన్పు నీళ్ళలాగే కాగుతూ ఉంటుంది."

కాగితాలు తలా కొన్ని పంచుకున్నారు. నర్సు దగ్గర కలం లేకుండా ఉండదు. ఒకావిడ సోఫా మీద, ఒకావిడ నేల మీద బాసింపట్టు వేసుకుని, పెద్ద సిస్టర్ భోజనాల బల్ల దగ్గర, మా ఆవిడ కిటికీ గట్టు మీద. డాక్టరు కనపడిన చోటల్లా కొట్టేసి పైన నర్సు అని రాస్తున్నారు. దొరసాని వస్తే, "ఈవిడ నిజం డాక్టరేనా బ్రదర్, వదిలేయనా?" అని అడుగుతున్నారు. మంచి చోట వస్తే రాయడం ఆపి పైకి చదువుతున్నారు. వానలో పడవ ఘట్టం, బిడ్డ అడ్డం తిరిగిన ఘట్టం, మొదటిసారి తలకి నర్సు టోపీ పెట్టించుకున్న ఘట్టం. నేను చదివినప్పుడు అవి నా వాక్యాలు. ఆ పూట వాళ్ళ నోట అవి వాళ్ళ సంగతుల్లా ఉన్నాయి. నిద్రపోయే అమ్మాయి నర్సు అన్న మాట ఖాళీ చాలకపోయినా పెద్ద అక్షరాలతో, పక్క వాక్యం మీదికి పాకేలా రాసింది.

"చిన్నగా రాయమ్మా, కింద లైను కనపడట్లేదు," అన్నాను.

"కనపడాల్సింది కనపడుతోందిగా అన్నయ్యా."

ఒక్కొక్కరిది ఒక్కో చేతిరాత. పని అయ్యాక దొంతర తిరగేస్తే పేజీ పేజీకి సంతకాలు పెట్టినట్టుంది. నా పేరుతో అచ్చయిన దాంట్లో నాకు అన్నిటికన్నా గర్వం కలిగించేది, నేను రాయని ఆ ఒక్క మాటే.

మిగిలిన తప్పు కూడా అప్పుడే బయటపెట్టాను. "ఇంకోటుంది. ఈవిడ గుడికెళ్ళేది శుక్రవారం."

"అయితే?" అన్నారు పెద్ద సిస్టర్.

కలాలు ఒక్కొక్కటే ఆగాయి. మా ఆవిడే ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుకి పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు తట్టి ఏమైందని అడిగారు. శుక్రవారాలన్నీ ఆ పూటే ఆదివారాలయ్యాయి.

తర్వాతి సెలవులో నేనే ఊరెళ్ళి వేరే చిన్న ప్రెస్సులో అచ్చు వేయించాను. ముందుమాట రాస్తానన్న ఆయన వెనకమాట కూడా అనలేదు. ఒక ప్రతి ఆయనకీ పంపాం. జవాబు లేదు. మా ఆవిడ ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఆసుపత్రిలో తన లాకర్లో పెట్టుకుంది. లాకర్లో ఎందుకంటే, "డ్యూటీకి తోడుండాలిగా," అంది.

ఏడాది తిరక్కుండా పెదమామగారు విజిట్ వీసా మీద మస్కట్ వచ్చారు. మా ఆవిడ పిలిచింది. అలగడం ఆయనకు తెలుసు గానీ తమ్ముడి కూతురు పిలిస్తే రాకుండా ఉండడం తెలియదు. శనివారం దిగారు. అందరి క్షేమం అడిగారు, ఎండ గురించి అడిగారు, ఖర్జూరాల్లో రకాల గురించి అడిగారు. పుస్తకం ఎదురుగా బల్ల మీదే ఉంది. దానిమీద కళ్ళజోడు పెట్టుకున్నారు గానీ దాని ఊసెత్తలేదు.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను సెలవు పెట్టాను. హాల్లోకి వచ్చి చూస్తే ఆయన తెల్ల పంచె, నల్ల కోటు, చేతిలో బైబిలూ పాటల పుస్తకంతో సిద్ధంగా ఉన్నారు.

"గుడికి వేళవుతోంది. ఇంకా లుంగీలోనే ఉన్నారేంటి అల్లుడుగారూ?"

చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ప్యాంటు వేసుకుని కారు తీశాను.

చర్చి ఆవరణలో ఎవరూ లేరు. గేటుకి తాళం. లోపల వాచ్‌మన్ మొక్కలకి నీళ్ళు పెడుతూ, నల్లకోటు చూసి పైపు కింద పడేసి వచ్చాడు. "ఆజ్ సబ్ డ్యూటీ పే హై, బాబా. జుమ్మా కో ఆనా."

పెదమామగారు తాళం వైపు చాలాసేపు చూశారు. బద్దలు కొడదామా అని నేను అడగలేదు. కారెక్కాక ఆయనే అన్నారు.

"ఇక్కడ గుడి శుక్రవారమా?"

"అవునండీ."

"మరి చెప్పరేం?"

"నవల్లో రాశానండీ. మీరే కొట్టేశారు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. అది నవ్వని ఒప్పుకోరు. ఇది నా పగ అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అది క్యాలెండరు తీర్చుకున్న పగ. నేను ఊరికే డ్రైవర్ని.

దారిలో ఆసుపత్రి కనిపిస్తే, "అమ్మాయి చేసేది ఇక్కడేనా?" అని కారు ఆపమన్నారు. దిగలేదు. గేట్లోంచి యూనిఫాంలో వచ్చేపోయే వాళ్ళని అద్దం దించి చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చేసరికి తలుపు ఆయనే తీశారు. చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది.

శుక్రవారం వచ్చింది. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన వాళ్ళని, తీసుకొచ్చిన ఇంటివాళ్ళు లేచి అందరికీ పరిచయం చెయ్యాలి. ఆ సంగతి చెప్పగానే పెదమామగారు కారులో నాకు పాఠం మొదలుపెట్టారు.

"రిటైర్డ్ హెడ్మాస్టరని చెప్పండి. జిల్లా ఉపాధ్యాయ సంఘానికి కార్యదర్శిగా చేశానని చెప్పండి. అదయ్యాక గుడి కమిటీ. వరస తప్పకండి."

తలూపాను.

ప్రార్థన అయ్యాక మైకు నా చేతికొచ్చింది. ఆయన కోటు సర్దుకుని లేచి నిలబడ్డారు. హాలులో సగం మంది నర్సులే. ముందు వరసలో పెద్ద సిస్టర్, స్తంభం పక్కన నిద్రపోయే అమ్మాయి.

"వీరు మా పెదమామగారు," అన్నాను. వరస గుర్తుంది. ఒక్కటీ చెప్పలేదు. "నర్సమ్మగారి పెద్దబ్బాయి," అని కూర్చున్నాను.

ముందు పెద్ద సిస్టర్ లేచారు. తర్వాత ఆ వరసంతా లేచింది. స్తంభం పక్క అమ్మాయి, వెనక వరసలు, నవల చదవని వాళ్ళు కూడా, ఎందుకో తెలియకపోయినా, లేచారు. మా చర్చిలో చప్పట్లు కొట్టరు. ఊరికే నిలబడ్డారు, వార్డులోకి పెద్దవాళ్ళెవరో వచ్చినట్టు. పిల్లప్పుడు బళ్ళో ఆ మాటకి తలొంచుకున్న మనిషి ఎదురుగా ఒక హాలు నిండా నర్సులు. నా పక్కన మా ఆవిడ కూడా నిలబడే ఉంది.

ఆయన మైకు కోసం చెయ్యి చాపారు. దిద్దుతారనే అనుకున్నాను, ఆయన దిద్దని రోజు నాకు తెలియదు.

"అవునండీ," అన్నారు. "నర్సమ్మ కొడుకుని." మైకు తిరిగి ఇవ్వబోయి, "పెద్దకొడుకుని," అని సవరించి కూర్చున్నారు.

బయటికొచ్చి కారు దాకా నడిచేటప్పుడు మామూలు గొంతు మళ్ళీ వచ్చింది.

"అల్లుడుగారూ, ఒక తప్పు చేశారు. హెడ్మాస్టరని చెప్పలేదు."

"మర్చిపోయానండీ," అన్నాను.

శుక్రవారం పూట, గుడి వాకిట్లోనే అబద్ధమాడాను. ఆదివారమైతే ఆడేవాణ్ణి కాదు.